నవాబుకు ఉబ్బరం, ఇద్దరికి ఉక్రోషం

1996 జనవరి. ఢిల్లీ చలికి తొట్టెల మీది గాజుమూతలకు లోపలివైపు చెమట పట్టే రోజులు. మునిర్కాలో మేము అద్దెకున్న ఇంటి ముందుగదే నా దుకాణం. గాజు తొట్టెలు, గులకరాళ్ళు, గాలిపంపులు, రంగుచేపలు, వాటి తిండి, వాటి మందులు అమ్మేదాన్ని. సందులో పిల్లలకు నేను మఛ్లీ ఆంటీని. కంటోన్మెంటు నుంచి మన తెలుగు ఫౌజీల ఇళ్ళవాళ్ళు ఆదివారాలు వచ్చేవారు. మిగతా రోజుల్లో చుట్టుపక్కల అద్దెగదుల్లో ఉండి పెద్ద పరీక్షలకు చదివే పిల్లలు వచ్చేవారు.

నేను బడికి వెళ్ళలేదు. అమ్మమ్మ బియ్యప్పళ్ళెంలో వేలు పట్టి అక్షరాలు దిద్దించింది. నాన్నగారు వంటింటి గోడ మీద బొగ్గుతో లెక్కలు నేర్పారు. ఇంగ్లీషంటారా, అది మందుసీసాల మీద లేబుళ్ళు కూడబలుక్కుంటూ వచ్చినదే. చేపల పిచ్చి మావారిది. ఆయన ఆఫీసుకు వెళ్తే వాటిని చూసుకుంటూ చూసుకుంటూ పని నాకు పట్టుబడింది. ఇంత దూరం తెచ్చి, చేతికో విద్య ఇచ్చి, నాలుగు మెతుకులు పెట్టిన ఆ నరసింహస్వామికి రోజూ దణ్ణం పెట్టుకునే దుకాణం తెరిచేదాన్ని. అయినా ఆ ఆడపిల్లలు దిండంత పుస్తకాలు చంకన పెట్టుకుని నా గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్తుంటే కడుపులో ఎక్కడో చురుక్కుమనేది. కృతజ్ఞత ఒక పక్క, కుళ్ళు ఒక పక్క. రెండూ ఒకే గదిలో కాపురం చేస్తాయని నాకు బాగా తెలుసు.

ఇంకో కుళ్ళు కూడా ఉండేది, చెబితే నవ్వుతారు. దుకాణంలో గుమ్మం పక్క తొట్టెలో ఒక పెద్ద ఆస్కార్ చేప ఉండేది. మనిషిని గుర్తుపడుతుందని పేరున్న జాతి. దానికి తిండి పెట్టేది నేను, నీళ్ళు మార్చేది నేను. మావారు సాయంత్రం ఆఫీసు నుంచి లోపలికి అడుగుపెట్టగానే అది అద్దానికి అతుక్కుని ఒళ్ళంతా ఊపేది. "చూశావా, నేనంటే ఎంత ఇదో!" అని ఆయన మురిసిపోయేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఆ జనవరిలో ఒకరోజు మాధవి అనే అమ్మాయి వచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల. సివిల్స్‌కు చదువుతోంది.

"ఆంటీ, మీరు తెలుగోళ్ళంట గదా? నా ఫైటర్‌కి కడుపుబ్బింది. గోలీ మింగినట్టు గుండ్రంగ అయింది. ఈదబోతే పక్కకు వొరుగుతున్నది."

ఫైటర్ అంటే బెట్టా చేప. పొడుగు రెక్కలు, పొగరు నడక. రెండు మగవాటిని ఒకచోట ఉంచితే చంపుకుంటాయి కనక ఒక్కొక్కదాన్ని విడిగా సీసాలో పెట్టి అమ్ముతాం.

"పేరేంటి దానికి? ఏం పెడుతున్నావమ్మా?"

"నవాబు. నీలం రంగుంటడు. పెట్టేది ఎర్రపురుగుల ముక్క. దినానికి ఒక్కసారే ఆంటీ, గోరంత."

"నానబెట్టి పెడుతున్నావా?"

"నానబెడ్తరా? బియ్యమా ఏంది?"

ట్యూబిఫెక్స్ అనే సన్నని పురుగుల్ని ఎండబెట్టి ముక్కలుగా నొక్కి డబ్బాల్లో అమ్ముతారు. పొడిగా వేస్తే చేప కడుపులోకి వెళ్ళాక అవి నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి. ఫైటర్ పొట్ట దాని కంటిగుడ్డంతే ఉంటుంది. అందులో అంత ఉబ్బు చేరితే పక్కనున్న స్విమ్ బ్లాడర్ నొక్కుకుపోతుంది. స్విమ్ బ్లాడర్ అంటే చేప ఒంట్లో ఉండే గాలితిత్తి. దానివల్లే చేప నీళ్ళలో తిన్నగా నిలబడగలుగుతుంది. అది నొక్కుకుపోతే ఒరుగుతుంది, బోర్లాపడుతుంది, లేదా అడుగుకు చేరి లేవలేకపోతుంది.

"ఒకటి రెండు రోజులు ఏమీ పెట్టకు. తర్వాత పచ్చిబఠాణీ ఉడకబెట్టి, తొక్క తీసి, ఆవగింజంత పెట్టు. అది మాంసం తినే చేప, బఠాణీ దాని తిండి కాదు, మందనుకో. సీసా చల్లటి చోట పెట్టకు, చలికి దానికి తిన్నది అరగదు," అన్నాను.

"అచ్ఛా ఆంటీ," అని వెళ్ళిపోయింది.

మర్నాడో, ఆ మర్నాడో సునంద వచ్చింది. గుంటూరు పిల్ల. ఆమెదీ సివిల్స్ చదువే. చేతిలో అప్పటికీ ఏదో నోట్సు, వేలు పేజీ మధ్యలో.

"ఆంటీ, మా బుజ్జి ఈదలేకపోతోందండీ. వంకాయరంగు ఫైటరు. పొట్ట ఇంత అయింది. చూస్తుంటే నాకు అన్నం సయించట్లేదు."

ఈ చలికి ఊళ్ళో ఫైటర్లన్నిటికీ ఇదే జబ్బులే అనుకున్నాను. మాధవికి చెప్పిన మాటలే మళ్ళీ చెప్పాను: లంఖణం, బఠాణీ, వెచ్చదనం. శ్రద్ధగా విని, దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది.

ఆ వారం చివర మధ్యాహ్నం, సందులోంచి తెలుగులో పోట్లాట వినబడింది. చూస్తే మాధవి, సునంద కలిసి వస్తున్నారు. సీసా ఒకరి చేతిలో, దాని జాలీమూత ఇంకొకరి చేతిలో.

"మెల్లగ నడువు! నీళ్ళు వొలుకుతున్నయి!"

"నీ చేతికిస్తే ఇక్కడిదాకా వచ్చేదా? మధ్యలోనే దాన్ని పైకి పంపేసుండేదానివి."

"ఎవలు జంపిన్రు? నేను ఉపాసం వెట్టిన్నాడు ముక్క ఏసింది ఎవలు?"

"నాకు తెలుసా నువ్వు ఉపవాసం పెట్టావని? మాట్లాడి చచ్చావా నాతో? ఆకలికి అల్లాడుతోందని వేశాను. నేను మాన్పించిన రోజు బఠాణీ కుక్కింది నువ్వు కాదూ?"

సీసా బల్ల మీద పెట్టారు. లోపల చేప పక్కకి పడుకుని, ఒక కన్ను పైకి పెట్టి తేలుతోంది. మాధవి అన్న నీలం, సునంద అన్న వంకాయరంగు, రెండూ దాని ఒంటి మీదే ఉన్నాయి. వెలుగు ఎటు పడితే అటు మారుతున్నాయి.

"అయ్యో, నవాబూ బుజ్జీ ఒకటేనా!" అన్నాను. పేరు అడగాలని తోచింది గానీ, ఇంట్లో ఇంకెవరెవరు తిండి పెడతారని అడగాలని తోచలేదు నాకు. ఒకరి ఉపవాసం రోజున ఇంకొకరి పారణ అయింది. ఇద్దరూ గోరంతే పెట్టారు. ఇద్దరూ నిజమే చెప్పారు. రెండు గోరంతలు, రెండు మందులు. నడుమ లంఖణమన్నది ఒక్క పూట కూడా పడలేదు దానికి.

సంగతి మెల్లగా బయటపడింది. ఇద్దరిదీ ఒకే గది. చేపను కొనుక్కుంది మాధవి. కిందటేడు ఇద్దరూ ప్రిలిమ్స్ రాస్తే సునంద ఒక్కతే గట్టెక్కింది. చలికాలం మొదట్లో సునంద మెయిన్స్ రాసే రోజుల్లో మాధవి అక్క పెళ్ళని ఊరెళ్ళింది. అప్పుడు సునంద సీసాను తన బల్ల మీదికి, చదువుకునే దీపం పక్కకి మార్చుకుంది. దీపం వేడికి చేప హుషారుగా తిరిగేది. మాధవి తిరిగివచ్చేసరికి అది సునందను చూస్తే చాలు మెడ కింద రెక్కలు విప్పి గంతులేస్తోంది. తనవైపు తలెత్తి కూడా చూడలేదు. మాధవి సీసాను తీసుకెళ్ళి తన మంచం పక్క కిటికీలో పెట్టేసింది. జనవరి గాలి సన్నగా దూరే కిటికీ అది. సునంద చూడకుండా, పురుగుల ముక్క నలిపి కాగితం పొట్లంలో దాచుకుని వేళ్ళతో రాల్చడం మొదలుపెట్టింది. సునంద ఏమో మాధవి స్నానానికి వెళ్ళినప్పుడు తన డబ్బా తీసి మామూలుగా వేసేది.

"ప్రిలిమ్స్ దానికొచ్చింది, పోనీ. మెయిన్స్ గూడ రాసింది, పోనీ," అంది మాధవి. "నా చేప గూడ దాని దిక్కే జూస్తదా ఆంటీ?"

సునంద ఊరుకోలేదు. "నీకేం, అక్క పెళ్ళి, ఇంటినిండా చుట్టాలు. నాకెవరున్నారిక్కడ? నేను పేపర్ రాసొచ్చిన రోజు గదిలో నా మొహం చూసింది ఇదొక్కటే."

"ఇది జస్తే నేనా గదిల ఉండ. కటవారియా సరాయ్‌ల గది జూసుకున్న."

"చస్తే నేనే చంపానని లోకమంతా చెప్పుకుంటావుగా. వెళ్ళు, వెళ్ళు."

నాకప్పుడు అర్థమైంది, సీసాలో ఊగిసలాడుతోంది చేప ప్రాణం ఒక్కటే కాదని. ఇది పోతే, నువ్వే చంపావన్న మాట ఇద్దరి మధ్యా గోడలా నిలిచిపోతుంది. తర్వాత ఎవరు ఏ కలెక్టరైనా ఆ గోడ కూలదు.

నిజం చెప్పాలంటే, వాళ్ళను చూస్తే మళ్ళీ చురుక్కుమంది. ఒక మూగజీవి తనవైపు తిరగాలని ఇంత చదువుకున్న పిల్లలు ఇలా ఏడుస్తున్నారు. పోట్లాడుకోవడానికైనా ఒక స్నేహం ఉంది వాళ్ళకి. నా పదహారో ఏట నాకున్న స్నేహితురాలల్లా రుబ్బురోలు.

"దీన్ని ఇక్కడ వదిలి వెళ్ళండి," అన్నాను. "ఇక మీరిద్దరూ దీనికి ఏమీ పెట్టరు. నేను చెప్పేదాకా ఎవరూ పెట్టరు."

ముందుగా చేపను పైనుంచి చూశాను. పొలుసులు దేవదారు కాయలా విచ్చుకుని ఉంటే అది డ్రాప్సీ, అంటే ఒళ్ళంతా నీరు పట్టే జబ్బు. అది వచ్చాక బతికేవి తక్కువ. స్వామి దయవల్ల పొలుసులు నున్నగా ఒంటికి అంటుకునే ఉన్నాయి. ఇది ఉత్త ఉబ్బరమే. వెడల్పాటి గాజుగిన్నెలో నీళ్ళు తక్కువగా పోశాను. గాలి పీల్చడానికి ఫైటర్ పైకి రావాలి. ఈదలేని చేపకు ఆ పైకి రావడమే కొండెక్కినట్టు. గిన్నె పక్కన చిన్న బల్బు పెట్టి నీళ్ళు గోరువెచ్చగా ఉండేలా చూశాను. మందులషాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్ చిటికెడు వేరే నీళ్ళలో కరిగించి కొద్దికొద్దిగా కలిపాను. అది కూరలో వేసే ఉప్పు కాదు, పూర్వం పెద్దవాళ్ళు విరేచనానికి తాగే భేది ఉప్పు. పేగుల్ని వదులు చేస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడి మామూలు ఉప్పు వేస్తారు. దానివల్ల ఉబ్బరం తగ్గదు.

ఆ తర్వాత చేసేదేమీ లేదు, ఓపిక పట్టడం తప్ప. గిన్నెను స్వామి పటం కింది అరలో పెట్టాను. పెద్దగా మొక్కుకోలేదు. "నీకూ నీళ్ళలో తిరిగిన రోజులున్నాయి కదా తండ్రీ, చూసుకో," అన్నాను, అంతే.

పిల్లలిద్దరూ రోజూ వచ్చేవారు, విడివిడిగా. ఒకరు వెళ్ళేదాకా ఇంకొకరు సందు మొదట్లో టీబండి దగ్గర నిలబడేవారు.

"ఆమె ఏమన్న వెట్టిందా ఆంటీ?"

"లేదమ్మా."

"చేయి గిన చూపియ్యలే గదా?"

"చెయ్యి చూపిస్తే ఏమవుతుందే పిచ్చిదానా?"

"గుర్తు వడ్తది," అనేది మూతి ముడుచుకుని.

సునందదీ అదే వరస. "తను వచ్చినప్పుడు రెక్కలేమైనా విప్పిందాండీ?" అని అడిగేది, నోట్సులోంచి తలెత్తకుండా.

ఒక ఉదయం చూస్తే గిన్నె అడుగున నల్లటి దారంలా మలం. పొట్ట కాస్త జారింది. చేప ఇంకా ఒరిగే ఉంది గానీ పైకి రావడానికి అంత కష్టపడటం లేదు. స్వామికి దణ్ణం పెట్టి, ఆవగింజంత బఠాణీ సూది మొనకు గుచ్చి ముందు పెట్టాను. ఛీ అన్నట్టు ఉమ్మేసింది. నవాబే! తర్వాత ఏమనుకుందో మింగింది. మర్నాటికి అడుగు నుంచి పైకి తిన్నగా లేచింది.

ఆ రోజే మొదటిసారి నన్ను చూసి గంతులేసింది. పొద్దున్నే దీపం పెట్టి, బొట్టు పెట్టుకుందామని కుంకుమ భరిణ తీసి అర దగ్గర నిలబడ్డాను. మెడ కింద రెక్కలు విసనకర్రలా విప్పి, గాజుకు ముక్కు ఆనించి, ఒళ్ళంతా తిప్పుతూ ఒకటే నాట్యం. నాకు నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చాయి. మావారిని లేపి మరీ చూపించాను. "చూశారా, నేనంటే ఎంత ఇదో!" అన్నాను. ఆయన మాట ఆయనకే అప్పజెప్పినందుకు ప్రాణం హాయిగా ఉంది.

ఇద్దర్నీ ఒకేసారి రమ్మన్నాను. రెండు మూలల్లో నిలబడ్డారు. నేను కాస్త దర్జాగానే అర దగ్గరకు వెళ్ళి, పొద్దున చేసినట్టే భరిణ తీసి, బొట్టు సర్దుకున్నాను. చేప మళ్ళీ నాట్యం.

ఇద్దరి మొహాలూ ఒక్కలాగే మాడిపోయాయి.

"గింత జల్ది మర్శిపోయిందా మమ్ముల?" అంది మాధవి.

"మనం ఏడాది పెంచితే, ఆంటీకి వారంలో..." అంది సునంద.

మమ్ముల! మనం! పోట్లాటకు వచ్చిన నాటినుంచి వాళ్ళ నోట ఆ మాటలు వినడం అదే మొదలు. నా మీది కుళ్ళుతో ఇద్దరూ ఒక పక్షమయ్యారు. నేనేమో ఇంకాస్త పొంగిపోయాను.

ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. సునంద కళ్ళు చిట్లించి గిన్నె దగ్గరకు వచ్చింది. "ఆంటీ, ఒకసారి ఆ భరిణ అక్కడ పెట్టి మీరు పక్కకి జరగండి."

జరిగాను. చేప నావైపు తిరగలేదు. భరిణ ముందే ఆడుతోంది. అది ఏటికొప్పాక లక్కభరిణ, మూత ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటుంది. సునంద సంచిలోంచి పురుగుల డబ్బా తీసింది. దాని మూత కూడా అచ్చం ఆ ఎరుపే.

"అది మిమ్మల్ని చూడట్లేదండీ," అంది మెల్లగా. "నన్నూ చూడలేదు. మూతని చూస్తోంది."

మాధవి ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని గాజు దగ్గర పట్టుకుంది. ఊరినుంచి వచ్చాక ఆమె ఎప్పుడూ దాచిన పొట్లంలోంచే రాల్చింది కదా, ఆమె చేతిలో చేపకు ఎరుపు కనబడనే లేదు. ఇప్పుడు నవాబు రెక్కలన్నీ విప్పి ఆమె ముందు ఆడాడు. మాధవి నవ్వడం మొదలుపెట్టి, ఏడుపులోకి దిగింది.

"అంటే గిన్ని దినాలు మూత కోసం కొట్లాడినమా?"

"మూత కోసమేనా మాధవీ?" అంది సునంద.

మాధవి డబ్బాను బల్ల మీద పెట్టేసింది.

"కాదు," అంది మాధవి. "ఆ పరీక్ష నాగ్గూడ రావాలె."

"నాకు మాత్రం కావాలని లేదా? ఆ హాల్లో ఒక్కదాన్నే కూర్చుంటే, పక్క బెంచీలో నువ్వుంటే ఎంత బావుండేదో అనిపించింది. నువ్వేమో నాకు చెప్పకుండా ఊరెళ్ళిపోయావ్. ఆల్ ది బెస్ట్ కూడా అనలేదు."

"అనబుద్ధి గాలే," అంది మాధవి. ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. నేను చూపు తిప్పుకుని సీసా కడగడానికి కూర్చున్నాను.

ఇక నుంచి తిండి ఒక్క చేతి మీదుగానే వెళ్ళాలని గట్టిగా చెప్పాను. తర్వాతి ఏర్పాటు వాళ్ళే చేసుకున్నారు. సీసా సునంద దీపం పక్కనే ఉంటుంది, అక్కడ వెచ్చగా ఉంటుంది కనక. డబ్బా మాధవి దగ్గర ఉంటుంది. వేసేముందు నానబెడుతుంది, వారానికొక పూట లంఖణం పెడుతుంది. వెళ్ళేటప్పుడు సీసా మాధవి పట్టుకుంది, జాలీమూత సునంద పట్టుకుంది. వచ్చినప్పుడూ అలాగే వచ్చారు గానీ, ఈసారి నీళ్ళు ఒలకలేదు.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. జబ్బు చేపను ఎవరు తెచ్చినా పొట్ట చూడటానికి ముందే అడుగుతాను, "మీ ఇంట్లో దీన్ని ముద్దుచేసేవాళ్ళు ఎంతమంది?" అని. పట్టించుకోక చచ్చిన చేపలు నేను చాలా చూశాను. నాకంటే నాకని ఇద్దరు పోటీపడి పెట్టడం వల్ల ఉబ్బిపోయేవి అంతకు తక్కువేమీ కాదు. మందు ఎప్సమ్ సాల్టే కావచ్చు, కానీ ముందు ఆ చేతుల లెక్క తేలాలి. ఈ మాట నేర్పినందుకు ఆ పిల్లలిద్దరినీ, నవాబునూ తలుచుకుని ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

నవాబు వెళ్ళిన మర్నాడు భరిణ తీస్తే ఖాళీ అర వెక్కిరించింది. ఉత్త మూతకే ఆడాడని తెలిసి కూడా మనసు చివుక్కుమంది. ఆ సాయంత్రం మావారు ఆఫీసు నుంచి వచ్చారు. ఆస్కార్ అద్దానికి అతుక్కుని ఒళ్ళు ఊపింది. ఆయన మురిసిపోయారు. నేను ఆయన మెడలో ఉన్న ఎర్ర మఫ్లరువైపు చూశాను.

దాన్ని ఒకసారి నా మెడకు చుట్టుకుని ఆ తొట్టె ముందు నిలబడితే సంగతి తేలిపోయేది. ఉతకడానికి తీసుకున్నప్పుడు చేతిలో పట్టుకుని తొట్టె దగ్గరదాకా వెళ్ళాను కూడా. వెనక్కి వచ్చేశాను. అది ఆడేది మఫ్లరుకే అయితే ఆయన చిన్నబోతారు. కాకపోతే నేను.